చీరాలకు సైకిళ్ళ మీద పెళ్ళిచూపులు

గుంటూరుకు చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళందరూ రెండో రోజుకల్లా ఒకే మాట అంటారు. ఎండ, మిరపకాయల ఘాటు తప్ప మీ ఊళ్ళో ఏముందండీ అని. నాకు ఒళ్ళు మండిపోతుంది. పొద్దెక్కిందాకా పడుకుని, లేచి కాఫీ తాగి, రిక్షా ఎక్కి సినిమాకు వెళ్ళొచ్చినవాడికి ఏ ఊళ్ళోనైనా ఏం కనిపిస్తుంది? తెల్లవారుజామున సైకిలెక్కి పొలిమేర దాటాలి. గుంటూరంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

అరవైల మొదట్లో నేను ఆ ఊళ్ళోనే ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుని. పేరు మస్తాన్. పిల్లలు ఎదురుగా ‘సార్’ అనేవారు, వెనకాల ‘ఈల మస్తాన్’ అనేవారు. ఆదివారం వచ్చిందంటే ఇంట్లో కూర్చోవడం నా వల్ల అయ్యేది కాదు. ఒక వారం సీతానగరం దగ్గర కృష్ణలో ఈత. ఒక వారం కొండవీడు ఎక్కడం. ఏదీ కుదరకపోతే నల్లపాడు వైపు కోతలైన చేలో చెడుగుడు. పిలిచేది లేదు, పొమ్మనేది లేదు, ఎవరు వస్తే వాళ్ళు వచ్చేవారు. గుమాస్తాలు, దర్జీలు, పొగాకు బేళ్ళు మోసేవాళ్ళు, ఒక ప్లీడరుగారి అబ్బాయి. చొక్కాలు విప్పేశాక అందరం ఒకటే. ఆట అయ్యాక రోడ్డు పక్క పాకలో వేడివేడి ఇడ్లీల మీద కారప్పొడి చల్లించుకుని, దానిమీద ఇంత నూనె పోయించుకుని తినేవాళ్ళం. ఇప్పుడెంత పెట్టినా ఆ రుచి రావడం లేదు. లోపం ఇడ్లీలో ఉందో నా నాలుకలో ఉందో చెప్పలేను.

ఇన్ని తిరుగుళ్ళలోనూ నేను మర్చిపోలేనిది చీరాల ప్రయాణం. పట్టుమని మూడు రోజులు కూడా కాదు. బస్సెక్కితే పూటలో తేలిపోయే దూరం. అయినా కాశీకి వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పినంత వివరంగా చెప్పాలనిపిస్తుంది.

రాఘవులి సంగతి

ముందు రాఘవులి గురించి చెప్పాలి. మంగళగిరి నేతవాళ్ళ అబ్బాయి. పాతికేళ్ళు దాటినవాడు. గుంటూరులో పత్తి జిన్నింగు మిల్లు ఆఫీసులో గుమాస్తా. ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే క్షయ పట్టుకుంది. ఏడాదికి పైగా ఆస్పత్రిలో ఉండి, నయమై తిరిగి వచ్చాడు. పూర్తిగా తగ్గిపోయింది, మంచి గాలి పీల్చుకో, బాగా తిను అని డాక్టరు చెప్పి పంపాడు. డాక్టరు చెప్పాడు గాని లోకం ఒప్పుకోవాలిగా. కాఫీ హోటల్లో అతను తాగిన గ్లాసు విడిగా పెట్టేవారు. అది నేను నా కళ్ళతో చూశాను.

ఒక ఆదివారం అతనే మా గుంపు దగ్గరికి వచ్చి, మీతో నేనూ రావచ్చా అని అడిగాడు. ఆ వారం మంగళగిరి కొండ ఎక్కాం. అది అతని సొంత ఊరి కొండ. చిన్నప్పుడు పరుగెత్తుకుంటూ ఎక్కిన మెట్లు. సగం కూడా ఎక్కకుండానే కూలబడ్డాడు. నేను చెప్పులో రాయి పడిందని చెప్పి అతని పక్కనే కూర్చున్నాను. లేని రాయిని ఎంతసేపు దులిపానో నాకే తెలియదు. అలా మొదలుపెట్టినవాడు చలికాలం వచ్చేసరికి నాకంటే ముందు పైకి చేరి, అక్కణ్ణించి నన్ను వెక్కిరించడం నేర్చుకున్నాడు. కృష్ణలో అవతలి లంక దాకా ఈదాడు. మా అమ్మ కన్న తమ్ముడు బాగుపడినంత సంతోషమైంది నాకు.

ఆ మాఘంలోనే చీరాల నించి సంబంధం వచ్చింది. పిల్ల పేరు అనసూయ. తండ్రి వీరాస్వామిగారు సొంత మగ్గాలున్నవాడు. జబ్బు సంగతి రాఘవులు వాళ్ళు దాచలేదు. దాని మీద వీరాస్వామిగారి దగ్గర నించి వచ్చిన కబురు మాత్రం విచిత్రంగా ఉంది. అబ్బాయిని గుంటూరు నించి చీరాల దాకా సైకిలు మీద రమ్మనండి, మా బావమరిది తోడుగా వస్తాడు, ఇల్లు చేరాక మాట్లాడుకుందాం అని.

మంగళగిరిలో పెద్దవాళ్ళకు కోపాలొచ్చాయి. పెళ్ళికొడుకా, సంతలో ఎద్దా అన్నారు. తర్వాత తెలిసింది, వీరాస్వామిగారి అన్నగారు ఇదే జబ్బుతో మగ్గం మీదే పోయాడట. అది విన్నాక ఆ కోపాలు చల్లారాయి. రాఘవులు మొదట నవ్వాడు. సాయంత్రం మా ఇంటికి వచ్చినప్పుడు మాత్రం నవ్వలేదు.

“వాళ్ళకోసం కాదు మాస్టారూ. నేను బాగయ్యానో లేదో నాక్కూడా తెలుసుకోవాలని ఉంది,” అన్నాడు.

ప్రత్తిపాడు దాకా

ఫాల్గుణంలో ఒక శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. శనివారం కూడా స్కూలుకు సెలవు కలిసొచ్చింది. అనసూయ మేనమామ కోటిలింగంగారు చీరల వ్యాపారి. మూటలేసుకుని గుంటూరు, తెనాలి తిరిగే మనిషి. మాట మంచిదే, ఒళ్ళు కాస్త భారీ. సైకిలు తొక్కి ఎన్నాళ్ళయిందండీ అని అడిగితే, పెళ్ళి కాకముందు తొక్కానండీ అన్నారు. ఆయన పెద్ద కొడుకు అప్పటికే కాలేజీలో చదువుతున్నాడు. అద్దె సైకిలు తెచ్చుకుని, వెనక క్యారియరుకు ఒక టిఫిను డబ్బా, హ్యాండిలుకు ఒక గొడుగు కట్టుకున్నారు. ఆయన పని రాఘవుల్ని గమనించడం. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు, ముగ్గురం తెలియనట్టే ఉన్నాం.

ఏటుకూరు దాటాక ఇక పొలాలే. ఆ పొద్దుటి చల్లదనం ఇప్పటికీ నా చేతుల మీద ఉన్నట్టే ఉంటుంది. రోడ్డుకు అటూ ఇటూ నల్లరేగడి, దాంట్లో విచ్చుకున్న పత్తి. ఆడవాళ్ళు ఒళ్ళో చీర కొంగులు మూటలుగా కట్టుకుని పత్తి తీస్తున్నారు. మేం వెళుతుంటే తలెత్తి, ఏ ఊరికయ్యా అని గట్టిగా అడిగేవాళ్ళు. గుంటూరులో పక్కింటివాడు కూడా అడగడు. ఇక్కడ మూడు చేల అవతల నించి కేకేసి మరీ అడుగుతారు, జవాబు చెప్పిందాకా వదలరు. చీరాలకు అంటే, అంత దూరం సైకిళ్ళ మీదా, బస్సులు చచ్చినయ్యా అని నవ్వేవాళ్ళు.

ఎండ కొంచెం చురుక్కుమనగానే కోటిలింగంగారు గొడుగు విప్పారు. ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో గొడుగు. వద్దండీ అని నేను అంటూనే ఉన్నాను. ఎదురుగాలి ఒక్కసారి వచ్చింది. గొడుగు ఒక పక్కకు, సైకిలు ఒక పక్కకు, ఆయన పత్తిచేలోకి వెళ్ళిపోయారు. రాఘవులు దిగి పరుగెత్తుకెళ్ళి లేవదీసి, ఒంటి మీది పత్తి దులిపాడు. ఏం తగల్లేదు గాని ఆయన అభిమానం బాగా దెబ్బతింది. ఆ తర్వాత గొడుగు జోలికి పోలేదు.

ప్రత్తిపాడులో ఒక ముసలావిడ అరుగు మీద పెసరట్లు పోస్తోంది. నయాపైసలు వచ్చి అప్పటికి కొన్నేళ్ళయినా ఆవిడ లెక్క అణాల్లోనే. మేం పైసల్లో ఇస్తే అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, ఇవి ఎన్ని అణాలో మీరే చెప్పండి నాయనా, మీ ధర్మం అంది. చదువుకున్నవాళ్ళం ముగ్గురం కలిసి లెక్కేసి మూడు రకాల జవాబులు చెప్పాం. ఆవిడ ఎక్కువ చెప్పినవాడి మాట నమ్మింది.

మిరపకల్లంలో

ప్రత్తిపాడు దాటి కొంత దూరం వెళ్ళాక దారి మూసేసి ఉంది. కల్వర్టు కడుతున్నారు. డొంకదారిన తిరిగి వెళ్ళమన్నారు. డొంకలోకి దిగాక తెలిసింది అసలు ఈ సీమ అందం. ఎటు చూసినా మిరపకల్లాలు. చదును చేసిన నేల మీద ఎర్రగా పరుచుకుని ఎండుతున్న కాయలు. గుంటూరు గోదాముల్లో బస్తాలు చూసినవాళ్ళకు ఇది తెలియదు. కళ్ళు చెదిరే ఎరుపు అది. ముక్కు మాత్రం ఒప్పుకోదు.

ఆ చూడటంలో మేం ఆకాశం చూడలేదు. పడమటి వైపు నల్లగా కమ్ముకొచ్చింది. ఫాల్గుణంలో వాన ఏమిటని మనం అనుకోవచ్చు గాని మిరప రైతు అనుకోడు. కల్లంలో కాయ తడిస్తే రంగు పోయి తెల్లబారుతుంది, ఏడాది కష్టమంతా ధర పలకని తాలుకాయల పాలవుతుంది. పక్క కల్లంలో ఒక ఆవిడ, ఆవిడ మొగుడు, ఇద్దరు కూలీలు పరుగులు పెడుతూ కాయలు కుప్ప చేస్తున్నారు. మేం ముగ్గురం సైకిళ్ళు పట్టుకుని దిక్కులు చూస్తున్నాం.

“ఒరేయ్ సైకిళ్ళోళ్ళూ, చూస్తా నిలబడ్డారేందిరా? చేతులు లేవా? రండి!” అని కేకేసింది ఆవిడ.

నలుగురిలో గౌరవంగా బతికే కోటిలింగంగారిని ఒక పరాయి ఆడమనిషి ఒరేయ్ అనడం బహుశా అదే మొదలు. అయినా అందరికంటే ముందు ఆయనే పరుగెత్తారు. ఇక ఏం చేశామో అడక్కండి. చీపుళ్ళతో, చేటలతో, ఉత్త చేతులతో ఊడ్చి కుప్ప పోశాం. పట్టాలు లాగి, తాటాకు చాపలు కప్పి, వాటి మీద రాళ్ళు పెట్టాం. గాలికి ఘాటు లేచింది. దగ్గు మొదలైంది. మామూలు దగ్గు కాదు, పేగులు నోట్లోకి వచ్చే దగ్గు. కూలీలు దగ్గుతున్నారు, ఆవిడ దగ్గుతోంది, నేను దగ్గుతున్నాను. రాఘవులు దగ్గాడు. దగ్గగానే అతని కళ్ళు కోటిలింగంగారి వైపు తిరిగాయి. ఆయన అప్పటికే ఒక బస్తాను కావిలించుకుని, కళ్ళ వెంట నీళ్ళు ధారలు కడుతుంటే, మా అందరికంటే ఎక్కువగా దగ్గుతున్నారు. రాఘవుల్ని చూసే స్థితిలో లేరు.

వాన పడింది, కాసేపే. కాయ దక్కింది. ఆవిడ పేరు ఆదెమ్మ. వాన వెలిశాక మమ్మల్ని వదల్లేదు. కల్లం పక్క పాకలో కూర్చోబెట్టి జొన్నన్నం, పండుమిరపకాయల కొరివికారం, దాని మీద వెన్న పెట్టింది. నేను గుంటూరువాణ్ణి, కారం నాకు కొత్తా? అయినా రెండో ముద్దకే చెవులు గుయ్యిమన్నాయి. మజ్జిగ ముంత చేతికిచ్చి, ఏ పని మీద పోతున్నారని అడిగింది. పెళ్ళిచూపులకని చెప్పాను. ఆవిడ ముగ్గుర్నీ ఎగాదిగా చూసి కోటిలింగంగారి దగ్గర ఆగింది.

“పెళ్ళికొడుకువి నువ్వేనా?” అంది.

ఆయన కూడా నవ్వకుండా ఉండలేకపోయారు. దగ్గి దగ్గి ఒళ్ళు నెప్పులు పుట్టాయని ఆయన అంటే, కల్లంలో మా దున్నపోతు కూడా దగ్గుద్దయ్యా అని తేల్చేసింది. బయల్దేరేటప్పుడు ముగ్గురికీ తలా ఒక గుప్పెడు ఎండుమిరపకాయలు పొట్లం కట్టిచ్చింది. వద్దంటే తిట్టింది.

రేగడి

సరదా అంతటితో అయిపోయింది. వాన పడ్డ రేగడిలో సైకిలు తొక్కిన అనుభవం మీకు లేకపోతే అదృష్టవంతులు. ముందు చక్రానికి మట్టి అంటుకుంటుంది. ఆ మట్టికి ఇంకాస్త. తర్వాత మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరగడం మానేస్తుంది. పుల్లతో గీకితే పది అడుగులు కదులుతుంది, మళ్ళీ మొదలు. చివరికి మన సైకిలు మన భుజం ఎక్కుతుంది. కాళ్ళకు అంటుకున్న మట్టితో చెప్పులు తెగిపోతే వాటిని చేత్తో పట్టుకుని, సైకిళ్ళు మోసుకుంటూ డొంకలో పడి నడిచాం.

కోటిలింగంగారు కాసేపటికే చేతులెత్తేసి గట్టు మీద కూర్చున్నారు. మీరు వెళ్ళండయ్యా, నేనిక్కడే ఉంటాను, ఏ బండైనా వస్తే ఎక్కుతాను అన్నారు. రాఘవులు తన సైకిలు ముందుకు తీసుకెళ్ళి గట్టి నేల మీద పెట్టి, వెనక్కి వచ్చి ఆయన సైకిలు భుజాన వేసుకున్నాడు. నేను నా సైకిలు ఒక భుజాన మోస్తూ ఆయన చెయ్యి పట్టుకుని నడిపించాను గాని నా చూపంతా రాఘవులి వీపు మీదే ఉంది. ఆ వీపు ఎగిరెగిరి పడుతోంది. ఊపిరి శబ్దం నా దాకా వినిపిస్తోంది. ఆగు రాఘవులూ అంటే ఆగడం లేదు. నాకు భయమేసింది.

గట్టి రోడ్డు ఎక్కాక సైకిలు దించి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది. కోటిలింగంగారు దగ్గరికి వెళ్ళి అతని భుజం మీది మట్టి తన పైపంచతో తుడిచారు.

పర్చూరులో పొద్దున

చీకటి పడే వేళకు పర్చూరు చేరాం. అక్కడ మా బాబాయి ఒకాయన బట్టలు కుడతాడు. ముగ్గురం మట్టిబొమ్మల్లా వాకిట్లో నిలబడితే పిన్ని గుర్తుపట్టలేదు. నీళ్ళు కాచి పోసింది. కోటిలింగంగారు మా సాయిబుల ఇంట్లో భోంచేస్తారో లేదోనని పిన్ని లోపల్లోపల సందేహపడి, పక్కింటి వాళ్ళతో వండించమంటావా అని నన్ను అడిగింది. ఆయన విని, ఆకలితో చచ్చిపోతున్నానమ్మా, నువ్వే పెట్టు అన్నారు. కోడిగుడ్ల పులుసు రెండుసార్లు వేయించుకుని, నడవా మంచం మీద అలా ఒరిగి నిద్రపోయారు.

తెల్లవారుతుండగా నాకు మెలకువ వచ్చింది. పక్క మంచం ఖాళీగా ఉంది. పెరట్లో వేపచెట్టు కింద రాఘవులు కూర్చుని దగ్గుతున్నాడు. కల్లంలో దగ్గు కాదిది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, వంగిపోయి, లోపలి నించి దగ్గుతున్నాడు. నేను వెళ్ళి వీపు రాశాను. దగ్గు ఆగాక ముందు గుడ్డ చూసుకున్నాడు. తెల్లగానే ఉంది.

వానలో తడిశావు, మిరపఘాటు పీల్చావు, నువ్వు మోసిన మోతకు గుర్రమైనా దగ్గుతుంది అని ధైర్యం చెప్పాను. కోటిలింగంగారు ఇంకా గుర్రు పెడుతూనే ఉన్నారు. ఆయనకు వినపడలేదు, ఈ సంగతి ఇక్కడితో వదిలేయి అని కూడా గట్టిగా చెప్పాను. తల ఊపాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

వీరాస్వామిగారి ఇల్లు

పర్చూరు దాటి కొంత దూరం పోయాక నల్లనేల అయిపోయి ఇసుకనేల వస్తుంది. జీడిమామిడి తోపులు, తాటిచెట్లు, గాలిలో ఉప్పదనం. మేం ముగ్గురం ఆ పొద్దున పిల్లల్లాగా పందెం వేసి తొక్కాం. కోటిలింగంగారు కూడా పంచె ఎగ్గట్టి, నన్ను దాటిపోయి, వెనక్కి తిరిగి చూసి కాలవ గట్టు గుద్దుకున్నారు. చీరాల వచ్చిందని కళ్ళకంటే ముందు చెవులకు తెలుస్తుంది. ఏ వీధిలోకి తిరిగినా మగ్గాల చప్పుడే. కోటిలింగంగారు ఆ చప్పుడు వినగానే నిటారుగా కూర్చుని తొక్కడం మొదలుపెట్టారు.

వీరాస్వామిగారు సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. కాళ్ళకు నీళ్ళిచ్చి, కాఫీలిచ్చి, ప్రయాణం బాగా జరిగిందా అని మర్యాదగా అడిగారు. కాఫీ గ్లాసు నా చేతికీ రాఘవులి చేతికీ ఒకేలా ఇచ్చారు. అనసూయ తల్లి గుమ్మం దగ్గర నిలబడింది. ఆవిడ వెనక అనసూయ ఉంది. పసుపురంగు చీర, తల మీద కొంగు లేదు, సూటిగా చూసే పిల్ల. మాటలన్నీ అయ్యాక వీరాస్వామిగారు బావమరిది వైపు తిరిగారు.

“ఏం కోటిలింగం, దారిలో ఎట్లా ఉన్నాడు? దగ్గాడా?”

“మిరపకల్లంలో అందరం దగ్గాం బావా. అతను కాదు, నేనే చచ్చిపోతాననుకున్నా. రేగడిలో నా సైకిలు అతనే మోసుకొచ్చాడు. మనిషి బంగారం.”

నేను ఊపిరి పీల్చుకున్నాను. పని అయిపోయింది. ఇక మధ్యాహ్నం భోజనానికి ఏం పెడతారో అని కూడా ఆలోచించాను. అప్పుడు రాఘవులు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

“ఇవాళ పొద్దున పర్చూరులో దగ్గానండి. కాసేపు ఆగలేదు. కోటిలింగంగారు నిద్రలో ఉన్నారు, ఆయనకు తెలీదు,” అన్నాడు.

నాకు అక్కడే అతని చెంప పగలగొట్టాలనిపించింది. నేల చూశాను. గుమ్మం దగ్గర గాజుల చప్పుడు వినిపించి ఆగిపోయింది. వీరాస్వామిగారు అతని ముఖంలోకే చాలాసేపు చూశారు. ఆయన కళ్ళల్లో కోపం లేదు. మరి ఉన్నదేమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

“రేపు పొద్దున చెబుతా,” అని లేచి మగ్గం దగ్గరికి వెళ్ళిపోయారు.

ఓడరేవు

ఆ మధ్యాహ్నం నెత్తళ్ళ చేపల వేపుడు, చింతచిగురు పప్పు పెట్టారు. ఎంతో రుచిగా ఉండి ఉంటుంది. నాకు గడ్డి తిన్నట్టుంది. చేతులు కడుక్కుంటూ రాఘవుల్ని నిలదీశాను. ఎవరడిగారు నిన్ను? హరిశ్చంద్రుడివా? అన్నాను. అతను, మీకు కోపం వస్తుందని తెలుసు మాస్టారూ అని మాత్రం అన్నాడు. నా కోపం అతని మీద కాదు. ఆర్నెల్ల పాటు కొండలెక్కించి, నీళ్ళల్లో ముంచి నిలబెట్టుకున్న మనిషిని, ఒక్క మాటతో మళ్ళీ ఆ గ్లాసు విడిగా పెట్టే లోకంలోకి పంపేస్తారేమోనన్న భయం అది.

సముద్రం చూపిస్తామని ముందే అనుకున్నారు కనుక సాయంత్రం ఓడరేవుకు బండి కట్టారు. వీరాస్వామిగారు రాలేదు. అనసూయ, వాళ్ళమ్మ, కోటిలింగంగారు బండిలో, మేం సైకిళ్ళ మీద. సరుగుడు తోటలు దాటగానే ఎదురుగా సముద్రం. నేను అంతకు ముందు మద్రాసులో చూశాను. అక్కడ జనాన్ని చూడాలి, సముద్రాన్ని కాదు. ఇక్కడ తెప్పలు ఒడ్డున ఆరబెట్టి ఉన్నాయి, పల్లెవాళ్ళు వలలు బాగుచేసుకుంటున్నారు, అంతే. మిగతా అంతా నీళ్ళే. అనసూయ తల్లి, కోటిలింగంగారు చేపల బేరంలో పడ్డారు.

నేను చొక్కా విప్పాను. రాఘవులు విప్పలేదు. ఇసకలో కూర్చున్నాడు. వెళ్ళు, ఈదు, వాళ్ళు చూస్తారు అన్నాను. నేను చూపించడానికి ఈదను మాస్టారూ, ఇక చాలు అన్నాడు. అనసూయ వాళ్ళమ్మ దగ్గర నించి ఇటు నడిచొచ్చింది. నేను లేచి పోబోతే, మీరు ఉండండి మాస్టారూ అంది. కాస్త దూరంలో నిలబడి రాఘవుల్ని అడిగింది.

“మీరు చెప్పకపోతే మా నాన్నకు తెలిసేది కాదుగా. ఎందుకు చెప్పారు?”

“ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ అందరూ నా దగ్గు కోసమే చెవులు రిక్కించుకుని ఉండేవాళ్ళండి. నా ఇంట్లో నేను దాక్కుని దగ్గే బతుకు నాకొద్దు.”

ఆ పిల్ల నీళ్ళవైపు చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

“మా పెదనాన్న దాచేవాడు. గోడవైపు తిరిగి, నోట్లో గుడ్డ కుక్కుకుని దగ్గేవాడంట. నాన్న పక్క మగ్గం మీదే ఉండి కూడా తెలుసుకోలేకపోయాడు. తెలిసేసరికి ఇంకేం మిగల్లేదు.”

అంతే చెప్పి, నా వైపు తిరిగి, మాస్టారూ మీరు ఆడవాళ్ళకు కూడా ఈత నేర్పుతారా అని అడిగింది. నేర్పుతాను గాని నా ఈలకు భయపడకూడదు అన్నాను. నవ్వి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

రాఘవులు ఉన్నట్టుండి లేచాడు. చొక్కా నా మీదకు విసిరి నీళ్ళలోకి పరుగెత్తాడు. నేనూ వెనకే. మొదటి అలకే ఇద్దరం పల్టీలు కొట్టాం. ఉప్పునీళ్ళు ముక్కులోకి పోయి, మిరపఘాటు కంటే ఎక్కువ మండింది. ఆ తర్వాత ఎంతసేపు ఆడామో, ఏం అరిచామో గుర్తులేదు. అలల అవతల వెల్లకిలా తేలుతూ అతను పెద్దగా నవ్వడం మాత్రం గుర్తుంది. రేపు పొద్దున ఏం చెప్పినా సరే మాస్టారూ, ఇది నాకు దక్కింది అన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సాయంత్రం తలుచుకుంటే నా ఒంట్లోకి బలం వస్తుంది.

పడుగు

ఆదివారం. మర్నాడు నాకు స్కూలు. తెల్లారగానే బయల్దేరదామని సైకిలు తీస్తే వీధిలో సందడిగా ఉంది. నేతవాళ్ళ వీధులు మీరు చూడకపోతే ఆ పొద్దుటిపూటే వెళ్ళి చూడాలి. మగ్గానికి ఎక్కించే నిలువుపోగులు, అంటే పడుగు, వీధి ఈ చివర నించి ఆ చివరకు కర్రల మధ్య సాచి కడతారు. దానికి గంజి పెట్టి, ఇద్దరు ముగ్గురు ముందుకూ వెనక్కూ నడుస్తూ పెద్ద కుంచెలతో దువ్వుతారు. వీరాస్వామిగారు ఒక చివర ఉన్నారు. రెండో చివర పట్టుకునే కోటిలింగంగారు నిన్నటి సైకిలు తొక్కుడుకు నడుం పట్టేసి, అరుగు మీద మూలుగుతున్నారు. కర్ర ఒరిగిపోతోంది.

నేను ఊరుకుంటానా? సైకిలు గోడకు చేరేసి పరుగెత్తాను. ఆ కర్ర మీద నా చెయ్యి పడబోతుండగా వీరాస్వామిగారు ఆపారు.

“మీరొద్దు బాబూ, ఏమీ అనుకోకండి. పడుగు మీద బయటివాళ్ళ చెయ్యి పడనివ్వం. ఇంటివాళ్ళే పట్టాలి. మా పెద్దల నాటి నించి ఉన్న ఆచారం.”

నేను సిగ్గుపడి వెనక్కి తగ్గాను. ఆయన కుంచె పక్కన పెట్టి, పోగుల మీదుగా అరుగు వైపు చూశారు. అక్కడ రాఘవులు ప్రయాణానికి సిద్ధమై, సంచి భుజాన తగిలించుకుని నిలబడి ఉన్నాడు.

“రాఘవులూ, ఆ సంచి కింద పెట్టు. వచ్చి ఆ చివర పట్టుకో.”

మంగళగిరి నేతవాళ్ళ ఇంట్లో పుట్టినవాడికి ఆ మాటకు అర్థం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. రాఘవులు కదల్లేదు. గుమ్మంలో అనసూయ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోటిలింగంగారు నడుం సంగతి మర్చిపోయి లేచి నిలబడ్డారు. అప్పుడు రాఘవులు సంచి దించాడు, చేతులు కడుక్కుని వెళ్ళి కర్ర పట్టుకున్నాడు. అతని చేతులు వణుకుతుంటే పడుగంతా వణికింది. వీరాస్వామిగారు అది చూసి, కుంచె చేతిలోకి తీసుకుంటూ అన్నారు.

“భయపడకు, ఇంకొంచెం గట్టిగా లాగు. తెగదులే.”

ఆ రోజు అతను నాతో రాలేదు. నేనొక్కణ్ణే సైకిలెక్కి గుంటూరు దారి పట్టాను. వీధి మలుపు తిరిగిందాకా నా కళ్ళకు ఏమీ సరిగా కనిపించలేదు.